కిచెన్ కబోర్డులకు రంగు: డబ్బా కొనకముందే ఇంట్లో చూసి ఖాయం చేసుకోవడం ఎలా

షేడ్ కార్డు మీద రంగు ముక్క రెండు అంగుళాలు కూడా ఉండదు. వంటింట్లో షట్టర్లన్నీ కలిపితే వంద చదరపు అడుగులు సులువుగా దాటుతాయి. ఆ ముక్కను చూసి ఈ పనికి ‘సరే’ అనేస్తే, రెండో కోటు పడ్డాక ఇంట్లోవాళ్లు “మనం చెప్పింది ఇది కాదు కదా” అంటారు. మేస్త్రీ కార్డు తీసి “ఇదే నంబర్ సార్” అని చూపిస్తాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఆ నంబర్ మీ గట్టు పక్కన, మీ ట్యూబ్‌లైట్ కింద ఎట్లా కనబడుతుందో ముందు ఎవరూ చూడలేదు, అంతే.

మెషీన్‌లో కలిపించిన రంగును దుకాణాలు మామూలుగా వాపసు తీసుకోవు. షట్టర్ మీద పడ్డ రంగు మార్చాలంటే మళ్లీ రుద్దుడు, మళ్లీ కోట్లు, మళ్లీ కూలి. అందుకే రంగు చూసి ఖాయం చేసే పనికి రెండు వారాలు విడిగా పెట్టుకోండి. బతుకమ్మకో, ఇంట్లో పెళ్లికో పని పూర్తి కావాలంటే ఆ రెండు వారాలూ కలిపే లెక్క వేయండి. పండుగ ముందు మేస్త్రీ దొరకడమే కష్టం, ఇక శాంపిల్ వేసిచ్చే ఓపిక ఎవరికి ఉంటుంది?

మారనివి ఏవో ముందు రాసుకోండి

షట్టర్ల రంగు మారుతుంది గాని గట్టు రాయి, గోడ టైల్స్, కింద ఫ్లోరింగ్ మారవు. కొత్త రంగు వాటితో కలవాలి. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు చాలా వంటిళ్లలో గట్టు మీద ఉండేది నల్ల గ్రానైట్, లేదంటే కరీంనగర్ క్వారీల టాన్ బ్రౌన్. నల్ల రాయితో పేచీ తక్కువ. కింది షట్టర్లు కూడా ముదురుగా పెట్టి వంటిల్లును గుహ చేసుకోకపోతే చాలు. టాన్ బ్రౌన్‌తో జాగ్రత్త కావాలి. దాంట్లో ఎరుపు కలిసిన గోధుమ మచ్చలుంటాయి. నీలం పోలిక ఉన్న బూడిద రంగును దాని పక్కన పెడితే రాయి మురికి పట్టినట్టు కనబడుతుంది. క్రీమ్, ఐవరీ, లేత ఆలివ్, మెంతి ఆకుపచ్చ లాంటివి దాని పక్కన కుదురుగా ఉంటాయి.

తర్వాత షట్టర్ ఏ చెక్కదో తెలుసుకోండి. తలుపు తెరిచి కీలు స్క్రూలు విప్పితే, లోపలి కీలు కూర్చునే 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంత కనబడుతుంది. అందులో పొరలు కనబడితే ప్లైవుడ్, మెత్తటి పొడిలా ఒకే తీరుగా ఉంటే ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక). పైన గట్టి నున్నటి షీటు ఉంటే అది సన్‌మైకా. పాత ఇళ్లలో టేకు చట్రానికి టేకు తలుపులే ఉంటాయి. శాంపిల్ కూడా అదే చెక్క మీద వేయాలి. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల ఎనామిల్ ఆలస్యంగా ఆరుతుంది, తెల్ల రంగులోంచి గోధుమ మరకలు పైకి తేలతాయి. ఎండీఎఫ్ ముక్క మీద అందంగా కనబడిన తెలుపు టేకు తలుపు మీద నెలకే పసుపు మచ్చలు చూపిస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ల మాట కూడా ఇప్పుడే అడిగేయండి. ఆగ్నేయంలో నీలం వద్దనో, నలుపు వద్దనో అత్తమ్మ అనుకుంటే, ఆ మాట ఆరు శాంపిళ్లు వేశాక కాకుండా కార్డు తెరవకముందే బయటికి రావాలి. అందరి మాటా వినండి, కాని చివరి ‘సరే’ చెప్పేది ఇద్దరికి మించొద్దు.

లైటు మార్చేదుంటే రంగు కంటే ముందే మార్చండి

దీన్ని చాలామంది వదిలేస్తారు. బల్బు పెట్టె మీద 6500 కె అని ఉంటే తెల్లటి, కొంచెం నీలి వెలుగు. 3000 కె అంటే పసుపు వెలుగు. 4000 కె ఈ రెంటికీ నడుమ. క్రీమ్ రంగు 3000 కింద వెన్నలా ఉంటుంది, అదే 6500 కింద పాలిపోతుంది. లేత బూడిద 6500 కింద శుభ్రంగా ఉండి 3000 కింద మట్టి రంగులోకి జారుతుంది. పగటి వెలుగులో గోడ టైల్‌తో అచ్చంగా కలిసిన రంగు రాత్రి ఎల్ఈడీ కింద విడిపోవడమూ ఉంది. రెండింటిలో వాడిన రంగు పొడులు వేరు కాబట్టి ఒక్కో వెలుగుకు ఒక్కో తీరుగా కనబడతాయి. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్ఐ. పెట్టె మీద అది 90 లేదా ఆపైన ఉన్న బల్బు తీసుకుంటే ఎరుపులు, చెక్క రంగులు చచ్చిపోకుండా కనబడతాయి. పై కబోర్డుల కింద స్ట్రిప్ లైటు పెట్టే ఆలోచన ఉంటే అదీ ఇప్పుడే బిగించండి.

కార్డు మీద ఆరు, ఫోన్‌లో మూడు

దుకాణంలో పెద్ద షేడ్ కార్డు అడిగి తీసుకుని, కిటికీ దగ్గర పగటి వెలుగులో ఆరు రంగులు గుర్తు పెట్టుకోండి. కొన్ని కార్డుల్లో రంగు వెనక ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, అది 0 నుంచి 100 దాకా. ఎంత వెలుగును తిప్పి పంపుతుందో ఆ లెక్క. ఒకటే చిన్న కిటికీ ఉన్న వంటింట్లో షట్టర్లన్నిటికీ 30 కంటే తక్కువ అంకె ఉన్న రంగు వేస్తే పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తుంది. అంత ముదురు రంగే కావాలంటే కింది షట్టర్లకు మాత్రం వేసి, పైవాటికీ సజ్జ తలుపులకూ లేత రంగు పెట్టండి.

ఇక ఫోన్. పెయింట్ కంపెనీల యాప్‌లలో మీ వంటింటి ఫొటో మీద రంగు వేసి చూడొచ్చు. ఆరింటిని మూడుకు దించడానికి అది పనికొస్తుంది, చివరి నిర్ణయానికి పనికిరాదు. ఫొటో ఇట్లా తీయండి: లెన్సు మీది నూనె జిడ్డు తుడవండి. పగలు పది, పదకొండు గంటల మధ్య లైట్లన్నీ ఆపి, ఫ్లాష్ లేకుండా, ఛాతీ ఎత్తులో ఫోన్ నిటారుగా పట్టుకుని తీయండి. గదంతా పట్టాలని వైడ్ లెన్సు వాడితే షట్టర్లు వంకర పోతాయి, యాప్ అంచులు తప్పు పడుతుంది. గట్టు మీద ఒక తెల్ల ఏ4 కాగితం నిలబెట్టండి. ఫొటోలో ఆ కాగితం పసుపుగానో నీలంగానో కనబడితే మిగతా రంగులూ అంతే అబద్ధం. చూసేటప్పుడు ఫోన్‌లో కళ్లకు హాయినిచ్చే పసుపు ఫిల్టర్ ఆపి, డిస్‌ప్లే రంగులను ‘నేచురల్’లో పెట్టండి. ఒకే ఫొటో నాలుగు ఫోన్లలో నాలుగు రంగుల్లో కనబడేది ఈ సెట్టింగుల వల్లే. ఇక మెరుపు ఎంత ఉంటుందో, చెయ్యి పెడితే మరక పడుతుందో ఏ తెరా చూపించలేదు.

అమెరికాలో ఉన్న కొడుకో బిడ్డో వీడియో కాల్‌లో రంగు ఖాయం చేసే ఇళ్లూ ఉన్నాయి. కెమెరా తన ఇష్టానికి రంగు సర్దుకుంటుంది కాబట్టి ఆ పని వద్దు. వాళ్ల మాట తప్పనిసరి అయితే రాల్ నంబర్‌తో మాట్లాడుకోండి. జర్మనీలో 1927లో మొదలైన ఈ నంబర్ల పద్ధతి చాలా దేశాల్లో వాడుకలో ఉంది, ఒకే నంబర్ కార్డు ఇద్దరి చేతుల్లోనూ ఉండొచ్చు. ఉదాహరణకు 9010, 9016 రెండూ తెలుపులే. 9010లో కొంచెం వెచ్చదనం ఉంటుంది, 9016 చల్లటి తెలుపు. టాన్ బ్రౌన్ పక్కన మొదటిదే నయం.

శాంపిల్ పలక: అసలు పని ఇదే

మిగిలిన మూడు రంగులకు మూడు పలకలు చేయించండి. ఒక్కోటి అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. కార్పెంటర్ దగ్గర మీ షట్టర్ చెక్కలాంటి ముక్క దొరుకుతుంది. సన్‌మైకా షట్టర్లయితే ముక్క మీద సన్‌మైకా అంటించే ఉండాలి. పాత షట్టర్ మీదే అక్కడక్కడ రెండు పూతలు పూసి చూద్దామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. కింది పాత రంగు పైకి తొంగి చూస్తుంది, చుట్టూ ఉన్న గోధుమ రంగు కంటిని తప్పుదారి పట్టిస్తుంది, తర్వాత ఆ పూత అంచు గీతలా మిగిలి అసలు పనిలో కూడా తేలుతుంది.

పలకకు చేసేవన్నీ అసలు షట్టర్‌కు చేయబోయేవే కావాలి. ముందు గిన్నెల సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. జిడ్డు మీదే ఎమెరీ వేస్తే జిడ్డు గీతల్లోకి దిగుతుంది, పైన రంగు కళ్లు కళ్లుగా విడిపోతుంది, మేస్త్రీలు ఫిష్ ఐ అనేది దాన్నే. తర్వాత 220 నంబర్ ఎమెరీ పేపర్‌తో మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దాలి. సన్‌మైకా అయితే మామూలు వుడ్ ప్రైమర్ పట్టదు, నున్నటి ఉపరితలాలకు పట్టుకునే ప్రైమర్ వేరే ఉంటుంది, దుకాణంలో అట్లాగే అడగండి. గుంతలుంటే లప్పం. ఆరాక 320తో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి మొదటి కోటు. నూనె ఎనామిల్ అయితే రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు రెండో కోటు. ఎండీఎఫ్ అయితే పక్క అంచులకు కూడా వేయించండి. అంచు రంగును పీల్చుకుని గరుకుగా, వెలిసినట్టు ఉంటుంది. అంచుకు విడిగా సీలర్ కావాలో వద్దో ఈ పలక మీదే తెలుస్తుంది.

అసలు పనిని స్ప్రే గన్‌తో చేస్తే పలక కూడా స్ప్రేతోనే, రోలర్‌తో చేస్తే రోలర్‌తోనే. బ్రష్‌తో వేసిన శాంపిల్ చూపించి పీయూ (పాలీయురెథేన్, గట్టి పూత ఇచ్చే రంగు) స్ప్రే పనికి ఒప్పించుకుంటే రంగు ఒకటే గాని నునుపు వేరు, చూపు వేరు. మెరుపూ అంతే. ఒకే నంబర్ గ్లాసీలో (బాగా మెరిసేది) ముదురుగా, మ్యాట్‌లో (మెరవనిది) కొంచెం లేతగా కనబడుతుంది. గ్లాసీ తుడవడానికి సులువు, కాని లప్పం ఎత్తుపల్లాలన్నీ బయటపెడుతుంది. మ్యాట్ వాటిని దాస్తుంది, కాని తాలింపు జిడ్డు చేతులు పడ్డ చోట మెరిసే మచ్చలు మిగులుతాయి. మన వంటకు శాటిన్ సరైన నడిమి దారి.

పలక మీద రెండు అంగుళాల మేర ఒక చారకు ప్రైమర్ వేయకుండా పాత షట్టర్ రంగు పూయించి, దాని మీదుగా కూడా కొత్త రంగు లాగించండి. రెండు కోట్ల తర్వాతా ఆ చార కనబడుతుంటే మీరు ఎంచుకున్న రంగుకు కప్పే శక్తి తక్కువ. ముదురు ఎరుపులు, పసుపులు ఇట్లా సతాయిస్తాయి. అప్పుడు మూడో కోటు కూలి ముందే మాట్లాడుకోవాలి.

ఒక్కో పలకకు రెండు కోట్లకు పాతిక, ముప్పై మిల్లీలీటర్లు సరిపోతాయి. కాని మెషీన్‌లో కలిపే రంగు అంత కొంచెం ఇవ్వరు. దుకాణంలో ఉన్న అతి చిన్న డబ్బా అడగండి. మూడు చిన్న డబ్బాల ఖర్చు తప్పు రంగు పడ్డ ఒక్క షట్టర్‌ను మళ్లీ చేయించే ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

వానాకాలంలో ఆరే సమయం రెట్టింపు పెట్టుకోండి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఎన్‌సీ లక్కర్ (నైట్రోసెల్యులోజ్‌తో చేసిన, త్వరగా ఆరే పూత) వేస్తే పైన తెల్లటి పొగ పట్టినట్టు అవుతుంది, దాన్ని చూసి రంగే బాగలేదనుకుంటారు. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం దీనికి తలకిందులు. థిన్నర్ ముందే ఎగిరిపోయి బ్రష్ గీతలు అట్లనే ఉండిపోతాయి. ఎండాకాలంలో పొద్దున తొమ్మిదిలోపు కోటు పడాలి. స్ప్రే అయినా బ్రష్ అయినా ఆ సమయంలో పొయ్యి వెలిగించొద్దు, సిలిండర్ రెగ్యులేటర్ ఆపండి. పీయూ స్ప్రే చేసేవాళ్లకు గుడ్డ మాస్కు సరిపోదు, రసాయన వాయువులను ఆపే కాట్రిడ్జ్ మాస్కు ఉండాలి.

ఎక్కడ నిలబెట్టి, ఎప్పుడు చూడాలి

రెండో కోటు తర్వాత కనీసం ఒక రోజు ఆగండి. తడి రంగును చూసి చెప్పే మాట లెక్కకు రాదు.

పలకను గట్టు మీద పడుకోబెట్టి చూడొద్దు. షట్టర్ నిలువుగా ఉంటుంది, పలక కూడా నిలువుగానే ఉండాలి. పాత షట్టర్ల మీద తెల్ల దుప్పటి వేలాడదీసి, దాని ముందు ఒక్కో పలకను ఒంటరిగా పెట్టండి. మూడూ పక్కపక్కన పెడితే ఒకదాని వల్ల ఇంకొకటి ముదురుగానో లేతగానో కనబడి మోసం చేస్తుంది. ముందు గట్టు అంచుకు కింద, తర్వాత పై కబోర్డు ఎత్తులో గోడ టైల్‌కు ఆనించి, ఆఖరుకు సింకు కింద చీకటి మూలలో. అదే రంగు ఈ మూడు చోట్లా మూడు తీర్లుగా ఉంటుంది.

ఆగ్నేయపు వంటింటికి సాధారణంగా తూర్పు కిటికీ ఉంటుంది. పొద్దున ఏడింటికి నేరుగా పడే ఎండలో ఏ రంగైనా బంగారంలా ఉంటుంది, అప్పుడు ఒప్పుకోవద్దు. మధ్యాహ్నం రెండు గంటలకు, మళ్లీ రాత్రి ఏడున్నరకు లైట్లు వేసి చూడండి. రాత్రి చూపునే పెద్ద లెక్కలోకి తీసుకోండి, ఉద్యోగాలు చేసే ఇంట్లో వంటిల్లు ఎక్కువ సేపు కనబడేది ఆ వెలుగులోనే. రెండు రోజులు ఒక్కో పలకను అక్కడే వదిలేసి వంట చేసుకోండి. వచ్చిపోయే వాళ్లను అడగొద్దు, ఒక్కొక్కరూ ఒక్కో రంగు చెప్పి పోతారు.

పసుపు, తొక్కు, టేపు

రంగు నచ్చినంత మాత్రాన వంటింట్లో నిలవదు. పలక పూర్తిగా గట్టిపడటానికి వారం ఆగి ఈ పరీక్షలు పెట్టండి.

మంచినూనెలో చిటికెడు పసుపు కలిపి పలక మీద రూపాయి బిళ్లంత చుక్క పెట్టండి. పక్కన మామిడికాయ తొక్కు నూనె ఇంకో చుక్క. వరంగల్ చపాటా మిర్చితో పెట్టిన తొక్కు ఉంటే మరీ మంచిది. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ మిర్చిని కారానికి కంటే రంగుకే ఎక్కువ వాడతారు, మరకకు అంతకంటే గట్టి పరీక్ష లేదు. రెండు గంటలు ఆగి గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డతో తుడవండి. ఎరుపు చాలావరకు పోవాలి. లేత రంగు మీద పసుపు నీడ మిగిలితే పలకను రెండు రోజులు ఎండలో పెట్టండి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది, పోతే భయం లేదు. కాని పొయ్యి పక్క షట్టర్‌కు ఎండ తగలదు కాబట్టి ఆ రెండు షట్టర్ల వరకు ముదురు రంగో, గట్టి పీయూ పూతో ఆలోచించండి.

తర్వాత టేపు. కొత్త బ్లేడుతో పలక మూలన మిల్లీమీటరో రెండో ఎడంగా ఆరు గీతలు, వాటికి అడ్డంగా ఇంకో ఆరు గీయండి, చిన్న గళ్లు పడతాయి. సెల్లో టేపు గట్టిగా అద్ది, ఒక్కసారిగా లాగండి. గళ్లు టేపుతో లేచి వస్తే ప్రైమర్ పట్టలేదు, షట్టర్ మీద కూడా ఆరు నెలల్లో పెచ్చులు లేస్తుంది. సన్‌మైకా మీద ఈ పరీక్ష చేయకుండా పనికి ఒప్పుకోకండి.

తెల్ల రంగు కోరుకునేవాళ్లు ఇంకొకటి గమనించాలి. నూనె ఎనామిల్ తెలుపు వెలుతురు తగలని చోట పసుపెక్కుతుంది, అంటే షట్టర్ లోపలి వైపు ముందు మారుతుంది. తెలుపే కావాలంటే నీళ్లలో కలిసే ఎనామిల్ గాని, పసుపెక్కదని డబ్బా మీద రాసిన అక్రిలిక్ పీయూ గాని అడగండి.

ఒక్క షట్టర్, ఆ తర్వాత కాగితం

పలక గెలిచాక అసలు షట్టర్ ఒకటి విప్పించి, రెండు వైపులా పూర్తిగా వేయించి తిరిగి బిగించండి. సింకు పక్కది ఎంచుకోండి, తడి, చెయ్యి, వెలుగు అన్నీ దాని మీదే పడతాయి. రెండు రోజులు వాడి చూశాక చెప్పే ‘సరే’నే అసలైన ‘సరే’.

ఒప్పుకున్నది వాట్సాప్ ఫొటోలో కాకుండా పలక వెనకే రాయించండి: కంపెనీ, రకం పేరు, షేడ్ నంబర్, బేస్ (రంగు కలిపే మూల పెయింట్), మెరుపు, ప్రైమర్ పేరు, ఎన్ని కోట్లు, తారీఖు, ఇద్దరి సంతకాలు. తర్వాత పలకను నిలువుగా కోయించి, రెండు సగాల వెనకా ఇవన్నీ ఉండేట్టు చూసుకుని, ఒకటి మీరు ఉంచుకోండి, ఒకటి మేస్త్రీకి ఇవ్వండి. ఏమేం పూయాలో కూడా అక్కడే ఖాయం కావాలి: షట్టర్ లోపలి వైపా, అంచులా, కబోర్డు డబ్బాల లోపలా, సజ్జ తలుపులా? గొడవలు ఎక్కువగా వచ్చేది రంగు మీద కాదు, “లోపలి వైపు మాట్లాడలేదు కదా అన్నా” అనే దగ్గర.

ఎంత కొనాలో లెక్క ఇట్లా. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు షట్టర్‌కు రెండు వైపులా కలిపి 10 చదరపు అడుగులు. అట్లాంటివి 14 ఉంటే 140, రెండు కోట్లకు 280. లీటరుకు ఒక కోటు 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే దాదాపు రెండు లీటర్ల 350 మిల్లీలీటర్లు. వృథాతో కలిపి మూడు లీటర్లు. మీ డబ్బా మీద రాసిన అంకె వేరుగా ఉంటే దాన్నే పెట్టుకోండి.

మొత్తం రంగు ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే మెషీన్ మీద కలిపించండి. ఒక కంపెనీ నంబర్‌ను ఇంకో కంపెనీ బేస్‌లో కలిపి “సేమ్ వస్తది, ఏం ఫరక్ ఉండదు” అంటే నమ్మొద్దు, ఫరక్ ఉంటది. ఇంటికి వచ్చాక మూత మీది చీటీని పలక వెనక రాతతో పోల్చి చూసి, చీటీ ఫొటో తీసి పెట్టండి. డబ్బాలన్నీ పెద్ద బకెట్‌లో ఒకటిగా కలిపి మళ్లీ పోసుకోవాలి, లేదంటే ఒక్కో డబ్బాకు వెంట్రుకవాసి తేడా పక్కపక్క షట్టర్ల మీద కనబడుతుంది. పీయూ అయితే బేస్ మాత్రమే కలపండి. హార్డెనర్ ఏ పూటకు ఆ పూటే, డబ్బా మీది కొలత ప్రకారమే, కొన్ని గంటల్లో అది గట్టిపడిపోతుంది.

పని మొదలయ్యే ముందు కొత్త రంగును ఒక కార్డు ముక్క మీద పూసి, ఆరనిచ్చి, మీ దగ్గరున్న సగం పలక పక్కన పగటి వెలుగులో పెట్టండి. తేడా ఉంటే డబ్బా అక్కడే ఆపాలి, షట్టర్ మీదికి పోయాక దుకాణం వాళ్లు మాట వినరు. అంతా కుదిరితే, పనయ్యాక మిగిలిన రంగులో వంద మిల్లీలీటర్లు చిన్న గాజు సీసాలో అంచు దాకా పోసి మూత బిగించి పెట్టండి. పెద్ద డబ్బాలో అడుగున వదిలేస్తే పైన గాలికి మీగడ కట్టి పాడవుతుంది. సీసా మీద నంబర్ రాసి, పిల్లలకు అందకుండా, వంటింట్లో మాత్రం కాకుండా ఇంకో గదిలో సజ్జ మీద దాచండి.